రెవిట్‌ల ఒక ఫ్లోర్‌ది ఇంకో ఫ్లోర్ ప్లాన్‌ల కనవడకపోతే ఏం జేయాలె

మన నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు రెవిట్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ల ఇండ్ల డ్రాయింగ్‌లు జేసే తమ్ముళ్లు నన్ను మస్తు సార్లు అడిగేది ఇదే, అన్నా త్రీడీల మంచిగ కనవడ్తుంది ప్లాన్‌ల మాత్రం లేదు, డిలీట్ అయిందా అని. డిలీట్ గాదు. పరేషాన్ అయి మళ్ల కొత్తది గియ్యకుండ్రి, ఒకదాని మీద ఒకటి రెండైతయ్, లెక్కల తేడా వస్తది.

ముందుగాల కింద వ్యూ కంట్రోల్ బార్‌ల బల్బు బొమ్మ నొక్కుండ్రి. దాచినయ్ ఎర్రగ కనవడ్తయ్, అండ్లుంటే ఎవరో హైడ్ చేసిండ్రు అన్నట్టు, అన్‌హైడ్ జేస్తే అయిపాయె. అండ్ల గూడ లేకపోతే చానాసార్లు వ్యూ రేంజ్ దగ్గరనే ఉంటది సంగతి, అంటే ప్లాన్‌ల ఎంత ఎత్తు నుంచి ఎంత లోతు దాక చూపియ్యాలె అనే సెట్టింగ్.

ప్లాన్ అంటే ఇంటిని అడ్డంగ కోసి పైనుంచి కిందికి చూసుడు. ఆ కోత కట్ ప్లేన్, ఇంపీరియల్ టెంప్లేట్‌ల 4 అడుగుల మీద ఉంటది, మెట్రిక్ అయితే 1200 మిల్లీమీటర్లు. ఏమీ సెలెక్ట్ జేయకుండ కీబోర్డ్ మీద వీ, ఆర్ కొడితే డబ్బా తెరుసుకుంటది, అండ్ల టాప్ (పై హద్దు), కట్ ప్లేన్, బాటమ్ (కింది హద్దు), వ్యూ డెప్త్ (బాటమ్ కింద ఇంకెంత లోతు చూడాలె) అని నాలుగుంటయ్. పైనుంచి కిందికి అదే వరుసల ఉండాలె, వ్యూ డెప్త్ బాటమ్ కంటే పైన పెడితే ఒప్పుకోదు.

నాకు జరిగింది చెప్తా. నల్లగొండల ఒక జీ ప్లస్ వన్ ఇల్లు, ప్రింట్‌లు సైట్‌కు పోయినంక మేస్త్రి ఫోన్ జేసి "సారూ, ఫస్ట్ ఫ్లోర్ ప్లాన్‌ల హాల్ డోర్ బయటికి పెట్టిండ్రు గని అవతల ఏం లేదు, తలుపు తీస్తే ఎక్కడ అడుగు పెట్టాలె" అన్నడు. అవతల పోర్టికో స్లాబ్ ఉంది, ఫస్ట్ ఫ్లోర్ లెవెల్ కంటే అడుగు కిందకి, గని నేను దాన్ని రూఫ్‌గ గీసిన. బాటమ్ కింద 4 అడుగుల దాక ఫ్లోర్‌లు, మెట్లు, ర్యాంప్‌లు అయితే రెవిట్ చూపిస్తది, రూఫ్‌కు ఆ మినహాయింపు లేదు. వ్యూ డెప్త్ మైనస్ 2 అడుగులు పెట్టంగనే వచ్చింది. గట్ల కిందికెళ్లి వచ్చినయ్ బియాండ్ అనే లైన్ స్టైల్‌ల వస్తయ్, ఆ గీత సన్నగ పెట్టుకోండ్రి.

ప్రహరీ గోడ ఇంకో తికమక. 5 అడుగుల గోడ, కోత 4 అడుగుల మీద, మరి ఎందుకు మందంగ రాదు అంటరు. 6 అడుగుల కంటే పొట్టి గోడల్ని రెవిట్ కొయ్యనే కొయ్యదు, పైనుంచి చూసినట్టు సన్న గీతలు గీస్తది. అది తప్పు గాదు, వదిలేయుండ్రి.

బాత్రూం వెంటిలేటర్ కోత కంటే పైన ఉన్నా టాప్ లోపల ఉంటే చాలు, కిటికీలకు ఆ వెసులుబాటు ఉంది, టాప్ 7 అడుగుల 6 అంగుళాలు ఉందో లేదో చూసుకోండ్రి. సజ్జకు అది లేదు. సజ్జ గీతలు చుక్కల్లెక్క కావాలంటే ప్రాపర్టీస్‌ల అండర్‌లేకు (ఒక లెవెల్‌ను వెనక మసకగ చూపెట్టేది) సజ్జ ఉన్న లెవెల్ ఇచ్చి, ఓరియెంటేషన్ లుక్ అప్ పెట్టి, ఎల్, డబ్ల్యూ కొట్టి (గీతల తీరు మార్చే లైన్‌వర్క్ టూల్) ఓవర్‌హెడ్ స్టైల్ ఎంచుకొని అంచుల మీద నొక్కుకుంట పోవాలె, అయినంక అండర్‌లే నన్ జేయుండ్రి, చుక్కల గీతలు అట్లనే ఉంటయ్.

డాబా ప్లాన్‌ల హెడ్‌రూమ్ (మెట్ల మీద కట్టే గది) మీది నీళ్ల ట్యాంక్ కోసం కట్ ప్లేన్ 20 అడుగులకు లేపితే ట్యాంక్ వస్తది గని హెడ్‌రూమ్ స్లాబ్ కింది మెట్లను కప్పేస్తది. ఒక్క ప్లాన్‌లనే రెండూ తేవాలని కొట్లాడకుండ్రి, వ్యూ డూప్లికేట్ జేసి రెండు పెట్టుకుంటే మేస్త్రికి గూడ సులువు.

ఒక్క మూలకే వేరే ఎత్తు కావాలంటే, మెట్ల మధ్య ల్యాండింగ్ మీద చిన్న రూం ఉంటది గద, అసుంటి కాడ, వ్యూ ట్యాబ్‌ల ప్లాన్ రీజియన్ తీసుకొని దాని చుట్టూ డబ్బా గీసి దానికి వేరే వ్యూ రేంజ్ ఇయ్యాలె. రెండు రీజియన్‌లు అంచులు తగలొచ్చు గని ఒకదాని మీద ఒకటి ఎక్కొద్దు.

వ్యూ రేంజ్ మసకగ ఉండి ఎడిట్ కాకపోతే వ్యూ టెంప్లేట్ (చానా వ్యూలకు ఒకే సెట్టింగ్‌లు పెట్టేది) పట్టుకొని ఉన్నట్టు, అది తెరిచి వ్యూ రేంజ్ ముందట టిక్ తీసేస్తే మీ చేతికి వస్తది.