ఇల్లు మారుతున్నారా? సామాను సర్దేముందు ఇవి చూసుకోండి

పెట్టె మీద "పగిలే సామాను, జాగ్రత్త" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. రాయండి, తప్పేం లేదు. కానీ పొద్దున్నుంచి బరువులు మోసి అలిసిపోయిన మనుషులు, చీకటి పడే వేళకి వ్యాన్ నింపుతూ ఆ రాతలు చదువుతూ కూర్చుంటారా? చదవరనే లెక్క వేసుకోండి. పెట్టెను ఎవరో ఒకరు పక్కకి తిప్పుతారు, దాని మీద ఇంకో రెండు పెట్టెలు ఎక్కిస్తారు, అయినా లోపలున్నది తట్టుకోవాలి, అలా సర్దాలి.

అసలు గాజు, పింగాణీ సామాను పగిలేది చాలాసార్లు పెట్టెలో ఖాళీ మిగలడం వల్లే. ఖాళీ ఉంటే వస్తువు కదులుతుంది, పక్కదానికి తగులుతుంది, పైన బరువు పడితే అట్ట లోపలికి కుంగుతుంది కూడా. అందుకని ముందు అడుగున నలిపిన కాగితం నాలుగు వేళ్ల మందాన పరవండి. ఒక్కో ప్లేటునీ విడివిడిగా కాగితంలో చుట్టి, పడుకోబెట్టకుండా అంచు మీద నిలువుగా నిలబెట్టండి. దొంతరగా పేరిస్తే పైవాటి బరువంతా అడుగునున్న ప్లేటు మీదే పడుతుంది, రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా దెబ్బ తినేది అదే. గ్లాసుల్లో, కప్పుల్లో కూడా కాగితం కుక్కాలి. పై దాకా నింపాక పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపి చూడండి, లోపల గలగలమంటే ఇంకా నింపాల్సింది ఉందని. దానికి కాగితమే అక్కర్లేదు, పాత తువ్వాళ్లు, సాక్సులు, స్వెటర్లు ఏవైనా సరే, ఎలాగూ అవీ తీసుకెళ్లాల్సినవే కదా. న్యూస్‌పేపర్ సిరా తెల్ల పింగాణీకి అంటుకుంటుంది కాబట్టి లోపల తెల్ల కాగితం చుట్టి, న్యూస్‌పేపర్ పైన వాడండి.

బరువు విషయంలో లెక్క తేలికే. పుస్తకాలు చిన్న పెట్టెల్లోకి, దిండ్లు, దుప్పట్లు పెద్ద పెట్టెల్లోకి. ఖాళీగా కనిపించింది కదా అని పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పేర్చారంటే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది, లేదా ఎత్తినవాడి నడుం పడుతుంది. ఒక్కో పెట్టె 15 కిలోలు దాటకుండా చూసుకుంటే మంచిది. ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచి కూర్చుని లేవండి. అడుగున మధ్య గీత మీద ఒక్క టేపు వేసి వదిలేయకండి, రెండు చివర్ల అంచుల మీద కూడా వేయాలి, పూర్తయ్యాక చూస్తే హెచ్ అక్షరంలా ఉండాలి. ఒకసారి తడిసి ఆరిన పాత అట్టపెట్టెలు చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ గట్టిదనం ఉండదు, పారేయండి. లోపల ఏముందో పైమూత మీద రాస్తే, దాని మీద ఇంకో పెట్టె పెట్టగానే కనిపించదు. పక్కలకి రాయండి, ఏ గదిలోకో కూడా రాయండి.

అద్దాల మీద టేపును ఇంటూ గుర్తులా అంటిస్తే పగలవని కొందరు గట్టిగా నమ్ముతారు. పగలకుండా ఆపదు, పగిలితే ముక్కలు చెదరకుండా కొంత పట్టుకుంటుంది, అంతే. అంటించినా సరే, పైన దుప్పటో అట్టో చుట్టి నిలబెట్టే తీసుకెళ్లాలి. టీవీ కూడా అంతే, పడుకోబెట్టకూడదు. పాలిష్ చేసిన చెక్క మీద టేపు నేరుగా వేయకండి, పీకేటప్పుడు పాలిష్ ఊడి వస్తుంది.

ఫ్రిజ్‌ని ముందురోజే ఆపేసి, తలుపు తెరిచిపెట్టి, మంచు పూర్తిగా కరిగాక నీళ్లు తుడవండి. నిలువుగానే తీసుకెళ్లాలి. తప్పనిసరై పడుకోబెట్టారా, వెళ్లగానే స్విచ్ వేయకండి. కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పారి ఉంటుంది, అది వెనక్కి దిగేదాకా, అంటే కొన్ని గంటలు, నిలబెట్టి ఉంచాలి. ముందువైపు తలుపుండే వాషింగ్ మెషిన్‌కైతే డ్రమ్ కదలకుండా బిగించే ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి, కొన్నప్పుడు తీసి ఎక్కడో దాచి ఉంటారు, వెతకండి. బిగించకుండా తీసుకెళ్తే దారంతా డ్రమ్ ఊగి లోపలి స్ప్రింగులు దెబ్బతినొచ్చు. కొత్తింట్లో వాడేముందు మళ్లీ వాటిని తీయడం మాత్రం మర్చిపోవద్దు. వైర్లు పీకేముందు టీవీ, కంప్యూటర్ వెనకవైపు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మంచం విప్పిన స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి, దాని మీద "మంచం" అని రాసి, అన్ని కవర్లనీ ఒకే డబ్బాలో పెట్టండి.

అన్నిటికన్నా టెన్షన్ పడాల్సింది మంటలంటుకునే వాటి గురించి. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, పెయింట్ థిన్నర్ మూసిన వ్యాన్‌లో సామాను మధ్య పెట్టొద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచ్ ఒకే పెట్టెలో అసలు వద్దు, కారి కలిశాయంటే విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది. సగం వాడిన సీసాలే అయితే అవసరమైన వాళ్లకి ఇచ్చేయడం మేలు. పవర్ బ్యాంకులు, ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్, మందులు, నగలు, కాగితాలు మీ చేతి సంచిలోనే ఉండాలి. ఆ మొదటి రాత్రికి కావాల్సినవి, అంటే ఛార్జర్, ఒక జత బట్టలు, సబ్బు, దుప్పటి, టేపు కోయడానికి కత్తెర, ఒక పెట్టెలో పెట్టి అన్నిటికన్నా చివర్లో ఎక్కించండి, దిగేటప్పుడు అదే ముందు చేతికొస్తుంది.

పెట్టెలకి నెంబర్లు వేసి, దించేటప్పుడు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి. ఏదైనా పెట్టె మూల నలిగి కనిపిస్తే మోసుకొచ్చినవాళ్లు ఉండగానే తెరిచి చూసి, ఫొటో తీసి, ఏం పగిలిందో వాళ్ల కాగితం మీద రాశాకే సంతకం పెట్టండి.