షికాగో చలికాలపు దిగులుకు ఒక గాజు తోట, నాలుగు కుండీలు

డిసెంబరు మూడో వారంలో షికాగోలో పగలు 9 గంటలకు కాస్త ఎక్కువ ఉంటుందంతే. సాయంత్రం 4:20 దాటగానే పొద్దు గూకుతుంది. అదే రోజుల్లో హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు. ఈ తేడాకు మబ్బులూ మంచూ తోడైతే చాలామందికి నిద్ర ఎక్కువవుతుంది, తీపి మీదికి మనసు పోతుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు. మొక్కలు ఇందులో ఎంతవరకు పనికొస్తాయో ముందే తెలుసుకుంటే మంచిది. దీపాలు వేసిన గదిలో వెలుతురు 200, 300 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. గ్రీన్‌హౌస్ గాజు కప్పు కింద ఆ వెలుతురులో మంచి భాగం వెచ్చగా కూర్చున్నచోటే దొరుకుతుంది. కానీ గాజు ఎండలోని యూవీ-బి (అతినీలలోహిత) కిరణాలను ఆపేస్తుంది కాబట్టి అక్కడ ఎంతసేపు కూర్చున్నా డి విటమిన్ రాదు. నాలుగు కుండీలు ఇంటి గాలిని శుభ్రం చేస్తాయన్న మాటనూ నమ్ముకోవద్దు.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పనికి వెళ్లడమే కష్టమైతే డాక్టరును కలవాలి. పొద్దున్నే 20, 30 నిమిషాలు 10,000 లక్స్ దీపం ముందు కూర్చోవడం దీనికి బాగా పరీక్షించిన చికిత్స. బైపోలార్ సమస్య (మనసు అతి ఉత్సాహానికీ అతి దిగులుకూ ఊగే జబ్బు), కంటి జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ప్రాణం మీద విరక్తి కలిగితే అమెరికాలో ఏ వేళలోనైనా 988 హెల్ప్‌లైనుకు ఫోన్ చేయవచ్చు.

ఇక గ్రీన్‌హౌస్. షికాగో వాసులకు గార్‌ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీ అనే పెద్ద గ్రీన్‌హౌస్ ఉంది. తోటల రూపశిల్పి యెన్స్ యెన్సెన్ రూపకల్పనలో 1908లో తెరిచారు. గ్రీన్ లైన్ రైలు దాని పక్కనే ఆగుతుంది. వేళలు, రిజర్వేషన్ సంగతి బయల్దేరే ముందు చూసుకోండి. ఉదయం పదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ మధ్య వెళ్లండి. మూడింటికి వెళితే ఆ కాస్త వెలుతురూ వాలిపోతుంటుంది. స్వెట్టరు కింద పలచని చొక్కా వేసుకోండి. బరువు కోటుతో తిరిగితే పావుగంటలో చెమటలు పట్టి, తిరిగి చలిలోకి రాగానే ఒళ్లు వణుకుతుంది. లోపలి తేమకు కళ్లద్దాలకూ ఫోను కెమెరాకూ ఆవిరి పడుతుంది. తుడవకుండా పది నిమిషాలు ఆగితే అదే పోతుంది.

అన్ని గదులూ చుట్టేయాలని చూడకండి, రెండు చాలు. ఫెర్న్ గది చల్లని పచ్చదనంతో, నీటి చప్పుడుతో ఉంటుంది గానీ నీడ ఎక్కువ. వెలుతురే కావాలంటే ఎడారి మొక్కల గది మేలు. అరటి, చెరకు ఉండే గది మనవాళ్లకు ప్రత్యేకం. తడిమట్టి వాసన తగిలితే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. బెంచీ మీద కనీసం అరగంట ఊరికే కూర్చోండి. నెలకోసారి పండగలా కాకుండా వారానికోసారి, అదే రోజు, వీలైతే ఇంకొకరితో కలిసి వెళ్లండి. ఇల్లు కదలబుద్ధి కాని రోజున ముందే ఇచ్చిన మాట బయటికి లాగుతుంది.

మిగతా ఆరు రోజులకు ఇంట్లో మొక్కలుండాలి. ఊరికే పచ్చగా నిలబడేవాటికన్నా వారం వారం ఏదో ఒక మార్పు చూపేవి ఎంచుకోండి. తెల్లటి పూలు పూసే పేపర్‌వైట్ నార్సిసస్ గడ్డలను దీపావళి వేళకు గాజు గిన్నెలో గులకరాళ్ల మీద నిలబెట్టండి. నీళ్లు గడ్డ అడుగును తాకీ తాకనట్టు ఉండాలి. మునిగితే కుళ్లుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. రెండు వారాలకోసారి కొత్త గడ్డలు పెడుతుంటే పూలు ఆగవు. సంక్రాంతికి అమరిలిస్ (ఇదీ పెద్ద పూల గడ్డ మొక్కే) పూయాలంటే నవంబరు రెండో, మూడో వారంలో నాటాలి. కుండీ గడ్డకన్నా రెండంగుళాలు వెడల్పుంటే చాలు, గడ్డలో పై మూడోవంతు మట్టి బయటే ఉండాలి. ఈ గడ్డలు విషం. చూడటానికి ఉల్లిపాయల్లా ఉంటాయి కాబట్టి వంటింట్లో అస్సలు పెట్టొద్దు.

వంటింటికి మెంతికూర వేసుకోండి. గింజలు రాత్రంతా నానబెట్టి, మూడంగుళాల లోతు ట్రేలో దగ్గర దగ్గరగా చల్లి, పలచగా మట్టి కప్పండి. మూడు, నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది, మూడు వారాలకు పప్పులోకి కోసుకోవచ్చు.

కరివేపాకు దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్‌కు దిగకముందే కుండీని లోపలికి తేవాలి. ముందు ఆకుల అడుగువైపు కూడా నీళ్లతో కడగండి, లేకపోతే ఎర్రనల్లి, పొలుసు పురుగు మొక్కతోపాటే ఇంట్లోకొస్తాయి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. ఆకులు చల్లటి అద్దానికి ఆనకూడదు, హీటరు వేడిగాలి నేరుగా తగలకూడదు. మొక్కకు ఒక అడుగు ఎత్తున తెల్లటి ఎల్‌ఈడీ గ్రో లైటు (మొక్కలు పెంచే దీపం) కట్టి, టైమరుతో రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి. డిసెంబరులో ఆకులు పసుపుబారి రాలతాయి. అది చూసి జాలిపడి నీళ్లు పోస్తారు, అసలు చంపేది ఆ నీళ్లే. వెలుతురు తగ్గినప్పుడు వేరు నీళ్లు తాగదు, తడిలోనే కుళ్లిపోతుంది. వేలు రెండు కణుపులు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే గోరువెచ్చని నీళ్లు పోసి, సాసరులో మిగిలింది పారబోయండి. కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు లేస్తుంటే మట్టి ఎక్కువ తడిగా ఉందని అర్థం. పై అంగుళం ఆరనిచ్చి, ఈగలు అంటుకునే పసుపు జిగురు కార్డు గుచ్చండి.

కొమ్మ మోడైనా పారేయకండి. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. షికాగోలో జనవరి ఆఖరుకు పగలు 10 గంటలు దాటుతుంది. ఎరువు మాత్రం కొత్త చిగురు కనబడ్డాకే, మార్చిలో, డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదుతో మొదలుపెట్టండి.