పంటి వేరుకు చీము పడితే: లక్షణం, కారణం, పరిష్కారం

మన వాడుకలో ‘పంటి నరం’ అని పిలిచే దంతమజ్జలో నరాలతో పాటు రక్తనాళాలు, రోగనిరోధక కణాలు కూడా ఉంటాయి. చుట్టూ గట్టి గోడలు ఉన్న ఆ గదికి రక్తం ప్రధానంగా వేరు కొసన ఉండే సన్నని రంధ్రం గుండానే చేరుతుంది. వేరులోని ఇన్ఫెక్షన్ ఒంటి మీది పుండులా తనంతట తాను ఎందుకు మానదో ఈ కట్టడాన్ని బట్టే తెలుస్తుంది.

లక్షణం: చల్లనిది తగిలితే జివ్వుమంటుంది, రాత్రి పడుకుంటే పోటు పెరుగుతుంది

కారణం: పుచ్చు మజ్జను సమీపించగానే శరీరం అక్కడికి రక్తాన్ని, తెల్ల రక్తకణాలను ఎక్కువగా పంపుతుంది. చర్మం కింద అయితే ఆ చోటు వాచి సర్దుకుంటుంది. పంటి లోపల వాయడానికి చోటు లేదు కాబట్టి ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరగడంతో పోటు ఇంకా ఎక్కువవుతుంది.

పరిష్కారం: చల్లదనం పోయిన కొద్ది సెకన్లలోనే నొప్పి తగ్గితే, పుచ్చు తొలగించి ఫిల్లింగ్ పెడితే సాధారణంగా మజ్జ కోలుకుంటుంది. అర నిమిషం దాటినా నొప్పి వదలకపోయినా, ఏమీ తగలకుండానే పోటు మొదలవుతున్నా చాలామందికి రూట్ కెనాల్ (చెడిన మజ్జను తీసి, వేరు లోపలి కాలువను శుభ్రం చేసి మూసే చికిత్స) అవసరమవుతుంది. కొందరిలో మాత్రం చెడిన భాగాన్నే తీసి, మిగిలిన మజ్జను కాపాడే వీలుంటుంది.

లక్షణం: వారాల తరబడి బాధించిన నొప్పి చికిత్స లేకుండానే మాయమైంది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. చాలాసార్లు నొప్పి పోయింది రోగం తగ్గి కాదు, మజ్జ చనిపోయినందువల్ల. మజ్జతో పాటు దాని రక్తప్రసరణ కూడా ఆగిపోతుంది కాబట్టి తెల్ల రక్తకణాలు వేరు కాలువలోకి వెళ్ళలేవు. రక్తం మోసుకెళ్ళే యాంటీబయాటిక్ కూడా అక్కడికి తగినంత చేరదు. దాడి లేని ఆ కాలువలో బ్యాక్టీరియా స్థిరపడుతుంది. లోపలికి పోలేని శరీరం వేరు కొస బయట కాపు కాస్తుంది: న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు అక్కడ గుమిగూడి గ్రాన్యులోమా అనే కణజాలపు ముద్దగా ఏర్పడతాయి. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను మేల్కొలుపుతాయి. ఎక్స్‌రేలో వేరు కొసన కనిపించే నల్లని నీడ అలా ఎముక కరిగిన చోటే. ఆ ఎముకను కరిగించినది ప్రధానంగా మన శరీరమే, సూక్ష్మజీవి ఎముకలోకి పాకకుండా ఆపే ప్రయత్నంలో. ఎముక చెప్పుకోదగినంత తరిగాక గాని ఆ నీడ కనబడదు కాబట్టి, నీడ లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని అనుకోకూడదు.

దీనికంతటికీ మూలం సూక్ష్మజీవులేనని 1965లో కాకెహాషి అనే పరిశోధకుడి బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం స్పష్టంగా చూపింది. మజ్జ బయటపడేలా పన్నుకు రంధ్రం చేసినప్పుడు, మామూలు ఎలుకలకు మజ్జ కుళ్ళి వేరు కొసన చీము పట్టింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలో గాయం మానింది.

పరిష్కారం: శరీరం వెళ్ళలేని చోటికి వైద్యుడి చేయి వెళ్ళాలి. చల్లదనపు పరీక్ష, ఎక్స్‌రేలతో నిర్ధారించుకుని, కాలువను ఫైళ్ళు అనే సన్నని ఆకురాయి వంటి పరికరాలతో గీకి, సూక్ష్మజీవులను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో మూసివేస్తారు. నిలబెట్టలేని పన్నును తీసివేయవలసి వస్తుంది.

లక్షణం: చిగురు మీద పొక్కు వచ్చి, చితికి, మళ్ళీ వస్తుంది

చనిపోయిన న్యూట్రోఫిల్స్, బ్యాక్టీరియా కలిసిన చీము ఎముకలో దారి చేసుకుని బయటపడే చోటు అది. ఒత్తిడి ఎప్పటికప్పుడు తగ్గుతుంది కనుక నొప్పి ఉండదు. సూదితో గుచ్చడం, లవంగ నూనె రాయడం వల్ల మూలం పోదు. వైద్యుడు ఆ రంధ్రంలోకి సన్నని గట్టా పెర్చా పుల్లను పోనిచ్చి ఎక్స్‌రే తీస్తే, అది దోషమున్న పన్నును చూపుతుంది. కాలువ శుభ్రపడ్డాక ఆ దారి సాధారణంగా దానంతట అదే పూడుకుపోతుంది.

లక్షణం: దవడ వాచింది, జ్వరం వచ్చింది

బ్యాక్టీరియా కాపును దాటి చుట్టుపక్కల కణజాలంలోకి పాకింది. చీమును బయటికి పంపడమే ముఖ్య చికిత్స. జ్వరం, పాకుతున్న వాపు ఉన్నప్పుడు యాంటీబయాటిక్ దానికి తోడుగా అవసరమవుతుంది. వెంటనే దంతచికిత్స అందే ఆరోగ్యవంతులకు, ఇలాంటి లక్షణాలు లేనప్పుడు యాంటీబయాటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో సూచించింది. మందుల షాపులో అడిగి మూడు రోజులు మాత్రలు మింగితే వాపు తగ్గవచ్చు గాని, చచ్చిన కాలువలోని మూలం అక్కడే ఉంటుంది. నాలుక కింద గాని, మెడలో గాని వాపు వచ్చినా, మింగడం, ఊపిరి తీసుకోవడం, నోరు తెరవడం కష్టమైనా, కన్ను మూసుకుపోతున్నా గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. అది ప్రాణాపాయ స్థితి.

లక్షణం: రూట్ కెనాల్ అయ్యాక నమిలితే నొప్పి

శుభ్రం చేసేటప్పుడు కొంత మలినం వేరు కొస దాటితే రోగనిరోధక కణాలు స్పందిస్తాయి. ఆ నొప్పి కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఫిల్లింగ్ ఎత్తుగా ఉండి ముందుగా తగులుతుంటే దానిని సరిచేయించాలి. నొప్పి పెరుగుతున్నా, వాపు వచ్చినా మళ్ళీ చూపించుకోవాలి. మధుమేహం అదుపులో లేనివారిలో తెల్ల రక్తకణాల పనితనం మందగించి మానడం ఆలస్యమవుతుంది కాబట్టి, చక్కెర స్థాయిని కూడా చూసుకోవాలి. కరిగిన ఎముక తిరిగి నిండటానికి నెలలు పడుతుంది. ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే తీయించి, నీడ చిన్నదవుతుంటే వేచి ఉండవచ్చు. నాలుగేళ్ళకు కూడా అలాగే ఉంటే కాలువను తిరిగి శుభ్రం చేయించడమో, వేరు కొసను శస్త్రచికిత్సతో తీయించడమో వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.