బాండ్ల బుడగ పగిలితే మన డబ్బు మాటేంటి? ముందే చూసుకోవాల్సినవి

బాండ్లలోనే (ప్రభుత్వానికో కంపెనీకో మనమిచ్చే అప్పుకి కాగితాలు) కదా పెట్టాం, షేర్లలా పడిపోవులే అని ధీమాగా ఉన్నవాళ్లకి 2022 గట్టి దెబ్బే కొట్టింది. ఆ ఏడాది అమెరికా బాండ్ల ప్రధాన సూచీ దాదాపు 13 శాతం పడింది. అక్కడి ప్రభుత్వమేమీ అప్పు ఎగ్గొట్టలేదు. వడ్డీ రేట్లు పెరిగాయి, అంతే.

లెక్క చూడండి. 2 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండ్‌ని 100 పెట్టి కొన్నారు. వెంటనే మార్కెట్లో రేటు 4 శాతం అయింది. కొత్త బాండ్ 4 ఇస్తుంటే మీ 2 శాతం కాగితాన్ని 100కి ఎవరు కొంటారు? సుమారు 84కి దిగితే గానీ బేరం కుదరదు. అదే రెండేళ్ల బాండ్ అయితే 96 దగ్గర ఆగుతుంది, 30 ఏళ్లదైతే 65కి పోతుంది. అంటే గడువు ఎంత దూరం ఉంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ఆస్ట్రియా ప్రభుత్వం 2020లో 0.85 శాతం వడ్డీకి వందేళ్ల బాండ్ అమ్మితే జనం ఎగబడి కొన్నారు, 2023కల్లా దాని ధర 40 కంటే కిందికి పోయింది. బుడగ అంటే ఇదే.

కాబట్టి మీరు బాండ్ ఫండ్‌లో (చాలామంది డబ్బు కలిపి రకరకాల బాండ్లు కొనే ఫండ్) పెట్టి ఉంటే, మొదట దాని ఫ్యాక్ట్‌షీట్ (ఫండ్ వివరాల పత్రం) తీసి డ్యురేషన్ అనే అంకె వెతకండి. అది 7 అని ఉంటే, రేటు 1 శాతం పెరిగినప్పుడు ఫండ్ విలువ సుమారు 7 శాతం తగ్గుతుందని అర్థం. రాబడి ఎంతని అందరూ అడుగుతారు గానీ ఈ అంకె అడిగేవాళ్లు చాలా తక్కువ.

తర్వాత ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలో ఆలోచించండి. మూడేళ్లలో కావాల్సిన డబ్బుని డ్యురేషన్ 7 ఉన్న ఫండ్‌లో పెట్టడం, నా దృష్టిలో, జూదమే. "మెచ్యూరిటీ దాకా ఉంచితే నష్టం లేదు" అనే మాట నిజమే, కానీ అప్పు తీసుకున్నవాడు చెల్లించాలి, మధ్యలో అమ్మే అవసరం మీకు రాకూడదు (సరిగ్గా ఆ అవసరం రావడం వల్లే 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడింది, వాళ్ల దగ్గరున్నవీ "సేఫ్" బాండ్లే). పైగా మామూలు బాండ్ ఫండ్‌కి మెచ్యూరిటీ తేదీ అంటూ ఉండదు, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

అలాగని అన్నీ అమ్మేసి కూర్చోమని కాదు. 2010 నుంచే బుడగ, బుడగ అని హెచ్చరించినవాళ్లున్నారు, అది పగలడానికి పదేళ్లకు పైనే పట్టింది, ఆ పదేళ్లూ బయట నిలబడినవాళ్లు రాబడి పోగొట్టుకున్నారు. ఎప్పుడు పగులుతుందో ఊహించే పని మానేసి డబ్బుని ఐదు భాగాలు చేసి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదేళ్ల బాండ్లలో పెట్టండి. ఏటా ఒక భాగం చేతికొస్తుంది. అవసరం లేకపోతే దాన్ని మళ్లీ ఐదేళ్లకి, అప్పటి రేటుకి పెట్టుకోవచ్చు.

ఒకటి మాత్రం వద్దు. వడ్డీ చాలడం లేదని ఎక్కువ ఇస్తామనే బలహీనమైన కంపెనీల బాండ్ల వెంటపడకండి. అక్కడ రేట్ల భయానికి తోడు పెట్టిన అసలు డబ్బే తిరిగి రాదేమోనన్న టెన్షన్ కూడా ఉంటుంది, అమ్ముదామనుకున్న రోజున కొనేవాడు దొరక్కపోవచ్చు.

ఇప్పటికే ఫండ్ పడిపోయి ఉంటే, డబ్బు అవసరం డ్యురేషన్ కంటే ఎక్కువ ఏళ్ల దూరంలో ఉందా చూడండి. ఉంటే కంగారుపడి అమ్మకండి, ఫండ్ ఇప్పుడు కొత్త బాండ్లని పెరిగిన వడ్డీ రేటుకే కొంటోంది. ఆ అవసరం అంతకంటే దగ్గర్లోనే ఉంటే, కావాల్సినంత మేరకు చిన్న గడువు ఫండ్‌కి మార్చుకోండి.