డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ మీ పనికి సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

విశాఖపట్నంలో పోర్టు యార్డుల్లోనూ, గాజువాక ఆటోనగర్ షెడ్లలోనూ, రొయ్యల శీతల గిడ్డంగుల్లోనూ సరుకు ఎత్తేది ఫోర్క్‌లిఫ్టే అయినా, అన్నిచోట్లకూ ఒకే రకం బండి పనికిరాదు. కొనేవారు చాలామంది ధరతో లెక్క మొదలుపెడతారు. బండి తిరిగే చోటుతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

ముందుగా ఒక షిఫ్టంతా సరుకు వెంట నడిచి, బండి ఆరుబయట ఎంతసేపు, కప్పు కింద ఎంతసేపు, కంటెయినర్ లోపల ఎంతసేపు ఉంటుందో రాసుకోండి. గుంతల నేల, ర్యాంపులు, వాన, బరువైన సరుకు ఉన్న యార్డులో గాలి టైర్లున్న డీజిల్ బండికి తిరుగులేదు.

తరువాత పొగ సంగతి చూడండి. ఇక్కడ తొందరపడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక, పొగ కనిపించడం లేదని ధైర్యపడటానికి వీల్లేదు. పెట్రోలు, ఎల్‌పీజీ ఇంజిన్లలో ఇది ఎక్కువగా వస్తే, డీజిల్‌తో మసి ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఒకవైపే తలుపులుండే 40 అడుగుల కంటెయినర్‌లోకి ఇంజిన్ బండి వెళ్తే, ఆ పొగ పెట్టెలు సర్దే కూలీల చుట్టూనే తిరుగుతుంది. ఇప్పటికే డీజిల్ బండి వాడుతున్న షెడ్డయితే, తడి తెల్లగుడ్డతో గోడను ఒకసారి తుడిచి చూడండి. గుడ్డకు అంటిన నలుపే అక్కడివారి ఊపిరితిత్తుల్లోకీ చేరుతోంది. రొయ్యల గిడ్డంగి లోపలికి, నా అభిప్రాయంలో, బ్యాటరీ బండి తప్ప మరొకటి రానివ్వకూడదు.

ఇక బరువు. ఎంత బరువు ఎత్తగలదో తెలిపే, బండిపై ఉండే రేటింగ్ ప్లేటు చదవండి. అందులో 500 మిల్లీమీటర్లకు 3 టన్నులని ఉంటే, సరుకు బరువు మధ్యభాగం ఫోర్కుల మొదలు నుంచి అంత దూరంలో ఉన్నప్పుడే 3 టన్నులు ఎత్తగలదని అర్థం; 1,400 మిల్లీమీటర్ల లోతున్న పెట్టె బరువు మధ్యభాగం 700 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది కాబట్టి అలాంటి పెట్టెతో ఆ బండి 3 టన్నులు ఎత్తలేదు.

మూడు షిఫ్టుల పనికి డీజిల్ బండి అనుకూలం, ట్యాంకు నింపడానికి నిమిషాలు చాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఛార్జింగే సుమారు 8 గంటలు పడుతుంది, ఆపై చల్లారాలి కూడా. అయితే బ్యాటరీ బండికి లేని ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, రేడియేటర్ ఖర్చు డీజిల్ బండికి ఉంటుంది. సరుకు కోసం ఎదురుచూస్తూ ఇంజిన్ ఆపకుండా ఉంచితే డీజిల్ వృథా కావడమే కాదు, ఇంజిన్ నడిచిన గంటలను లెక్కించే అవర్ మీటరూ తిరిగి సర్వీసు ముందే వస్తుంది. ఏ బండైనా, మన సముద్రపు గాలికి మాస్టు (ఫోర్కులను పైకి లేపే నిలువు చట్రం) గొలుసులు త్వరగా తుప్పు పడతాయి కనుక గ్రీజు, ఆయిలు మరవకూడదు. ఎల్‌పీజీ బండికి ఇంటి సిలిండర్ బిగించడం చట్టవిరుద్ధం.

చివరగా, అడ్వాన్సు ఇవ్వకముందే డీలరును బండి ఒకరోజు తెమ్మని అడిగి, మీ దగ్గరున్న అతి బరువైన సరుకుతో, తలుపులు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి నడిపించండి. షిఫ్టు ముగిశాక డ్రైవరునూ, కింద నిలబడి పనిచేసిన కూలీలనూ కళ్లు మండాయా, తల నొప్పెట్టిందా అని అడిగి, ఆ తరువాతే సంతకం చేయండి.