ప్రైరీ డాగ్ ఊరు చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: అరుపులు (సగం పాఠం పోయినసారి దిద్దుబాట్లకే పోయింది)

ప్రైరీ డాగ్ అంటే కుక్క కాదు, అమెరికా గడ్డి మైదానాల్లో కలుగులు తవ్వుకుని గుంపులుగా బతికే ఉడుత జాతి జంతువు; ఆ కలుగుల గుంపునే ఊరు అంటున్నాం. ఈసారి వీటి అరుపులు నేర్చుకుందాం అని మాటిచ్చాను. నేర్చుకుందాం, కానీ ముందు మీరు పంపిన మ్యాపుల సంగతి తేల్చాలి. ఒక కుటుంబం హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూర్చుని చూసి కాగితం మీద గీయమన్నాను కదా. చాలామంది ఓపిగ్గా గీశారు, కొందరైతే రంగులు కూడా వేశారు. కానీ అందరూ దాదాపు ఒకే రెండు చోట్ల జారిపడ్డారు. అవి దిద్దకుండా అరుపుల్లోకి వెళ్తే మీరు వినేదంతా తప్పుగా వింటారు.

చిన్న తప్పు ముందు చెప్తాను. కలుగుల్ని లెక్కపెట్టి జంతువుల లెక్క తేల్చకండి. డెన్వర్ శివార్ల నుంచి ఒకావిడ అరవై కలుగులు లెక్కపెట్టి, అంటే అరవై కుటుంబాలా అని అడిగారు. కాదండీ, ఆ అరవైలో చాలా భాగం ఒకే కుటుంబానివి కావచ్చు. ఒక పెద్ద మగది, రెండు మూడు పెద్ద ఆడవి, వాటి పిల్లలు, ఇంతే కుటుంబం. వీటి ఆవరణ ముప్పావు ఎకరం అటూ ఇటూ ఉంటుంది, అందులో కలుగులు డజన్ల కొద్దీ ఉంటాయి. కొన్ని లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయి, కొన్ని కాస్త దూరం వెళ్లి ఆగిపోతాయి. ఆ ఆగిపోయేవి ఎక్కువగా గద్ద వచ్చినప్పుడు దూకి దాక్కోవడానికే పనికొస్తాయి. మూతికి సాలెగూడు అల్లుకుని ఉంటే దాన్ని ఈమధ్య ఎవరూ వాడలేదని అర్థం, మ్యాపులోంచి కొట్టేయండి.

దిబ్బల్లో రెండు రకాలున్నాయని కొందరు గమనించారు, భేష్. ఒకటి తక్కువ ఎత్తులో వెడల్పుగా పరుచుకున్న మట్టికుప్ప. రెండోది చుట్టూ గట్టు కట్టినట్టు నిటారుగా లేచి ఉంటుంది, కొన్ని మీటరు ఎత్తు వరకు పోతాయి. వాన పడ్డాక రెండో రకం దగ్గర బైనాక్యులర్స్‌తో జాగ్రత్తగా చూడండి. తడిమట్టిని కాళ్లతో ఎగదోసి, తల వంచి ముక్కుతో టపటపా అదిమి గట్టిపరుస్తాయి, గట్టు ఆరాక ముక్కు గుర్తులు అచ్చు వేసినట్టు మిగిలిపోతాయి. ఈ ఎత్తు తేడా ఊరికే కాదు. ఎత్తు మీద గాలి వేగం ఎక్కువ కాబట్టి ఎత్తైన మూతిలోంచి లోపలి గాలి బయటికి లాగబడుతుంది, తక్కువ ఎత్తు మూతిలోంచి కొత్త గాలి లోపలికి పోతుంది. మీటర్ల లోతున ఊపిరాడేది ఇలాగే.

రకాలెలా గుర్తుపట్టాలి అని ఇంకా అడుగుతున్నారు. తోక చివర నల్లగా ఉంటే బ్లాక్‌టెయిల్డ్. రాకీ పర్వతాలకు తూర్పున మైదానాల్లో మీరు చూసేది అదే, ముందుకు పదండి.

ఇక రెండో తప్పు. ఇది నాకు నిజంగా విసుగు తెప్పించింది. వచ్చిన నోట్సుల్లో ముప్పాతిక వంతు ఒకేలా ఉన్నాయి: "అన్నీ దిబ్బలెక్కి నిలబడి ఉన్నాయి, ఒకటే అరుస్తున్నాయి, ఏదీ మేయడం లేదు, చాలా అప్రమత్తంగా ఉండే జంతువులు." అయ్యా, అమ్మా, అవి మిమ్మల్ని చూసి అరుస్తున్నాయి! మీరు రాసి పంపింది ప్రైరీ డాగ్‌ల జీవితం కాదు, మీరు వెళ్లి నిలబడితే వాటికి వచ్చిన టెన్షన్. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు క్లాసు చూసి, ఈ బళ్లో పిల్లలు రోజంతా చేతులు కట్టుకుని కూర్చుంటారని రిపోర్టు రాసినట్టుంది.

దీన్ని ఎంత విడమరిచి చెప్పినా తక్కువే, అందుకే విసుక్కోకుండా చదవండి. నేల మీద నడిచొచ్చే మనిషి వాటి లెక్కలో వేటాడే జంతువే. బ్యాడ్జర్ (నేల తవ్వి వేటాడే జంతువు), కయోటీ (చిన్న తోడేలు లాంటిది), మనిషి, అన్నీ ఒకే పద్దులో. అందుకని కారు దిగకండి. నాకైతే కారును మించిన చాటు లేదు, చెట్టూ చేమా లేని ఆ మైదానంలో ఇంకేం దొరుకుతుంది? ఊరి అంచుకు వంద గజాల అవతల ఆపుకోండి, ఇంజన్ కట్టేయండి, అద్దం ముందే దించుకోండి. అరగంట అయ్యాక దించితే ఆ చప్పుడుకి కథ మళ్లీ మొదటికొస్తుంది. తలుపు తెరవద్దు. ఒకాయన పది నిమిషాలకోసారి మంచి ఫోటో కోసం దిగాడట, దిగినప్పుడల్లా ఊరంతా లేచి నిలబడిందని ఆశ్చర్యంగా రాశాడు. ఇంకొకరు కుక్కను తీసుకెళ్లారు. దాని గురించి కింద వేరే చెప్తాను, అది ఇంకా ప్రమాదం. డ్రోన్ ఎగరేసిన మహానుభావుడికి నేనేమీ చెప్పను.

అరుపులు ఆగగానే అవి మిమ్మల్ని మర్చిపోయాయని అనుకోవద్దు. ఈ పొరపాటు కాస్త అనుభవం ఉన్నవాళ్లే చేస్తారు. అరుపు ఆపి, దిబ్బ మీదే కూర్చుని మీవైపు చూస్తూ ఉందంటే ఇంకా లెక్కలోనే ఉన్నారన్నమాట. నేను పాటించే పద్ధతి ఇది: తల దించి మేస్తున్నవి ఎన్ని, తల ఎత్తి ఉన్నవి ఎన్ని అని అప్పుడప్పుడు లెక్కపెడతాను. దించినవి బాగా ఎక్కువయ్యేదాకా పుస్తకం తెరవను. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట పైనే. మట్టి తవ్వడం, ఒకదాని మెడ ఒకటి పళ్లతో దువ్వడం, తినకుండానే పొడుగు గడ్డిని కొరికి పడేయడం కనిపించాయంటే ఇక మొదలుపెట్టొచ్చు. ఆ కొరికి పడేయడం వృథా అనుకునేరు. గడ్డి పొట్టిగా ఉంటేనే కయోటీ దూరం నుంచే కనిపిస్తుంది.

దీనికి పూర్తిగా తలకిందుల సమస్య ఇంకొకటుంది. లాంగ్ వీకెండ్‌కి మౌంట్ రష్‌మోర్ వెళ్లే మనవాళ్లు దారిలో బ్యాడ్‌లాండ్స్‌లోనో, డెవిల్స్ టవర్ దగ్గరో రోడ్డు పక్కనే ప్రైరీ డాగ్‌లను చూసి, "మీరు చెప్పినట్టు అరవలేదే, కారు దాకా వచ్చాయే" అంటారు. వస్తాయి, ఎందుకంటే మీకు ముందెళ్లినవాళ్లు చిప్స్ పడేసి పోయారు. తిండి పెట్టడం అక్కడ నిషేధం, కరుస్తాయి కూడా. ఆ రోడ్డు పక్క గుంపును వదిలేసి లోపలి భాగాన్ని బైనాక్యులర్స్‌తో చూడండి, నేర్చుకోవాల్సింది అక్కడుంది.

సరే, అరుపులు. ప్రస్తుతానికి రెండే. మిగతావి ఇవి చెవికి పట్టాకే.

మొదటిది హెచ్చరిక. పొట్టిగా, గట్టిగా, తెగ్గొట్టినట్టు "చిర్క్, చిర్క్, చిర్క్" అని వస్తుంది. దిబ్బ మీద కూర్చుని అరుస్తుంది, ప్రతి అరుపుకీ ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంటుంది, తోక టపటపలాడుతుంది. నిమిషాల తరబడి ఆపకుండా అరవగలదు. గద్ద అయితే తీరే వేరు, అరుపు విన్నారో లేదో అప్పటికే పరుగు మొదలై ఉంటుంది. ఎవరు అరుస్తున్నారన్నది ముఖ్యం. కాపలాకి నియమించిన జవాను ఎవరూ ఉండరు, ముందు చూసింది అరుస్తుంది, లేదా ఊరుకుంటుంది. ఊరుకోవడం ఎప్పుడు? సౌత్ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్కులో ఏళ్ల తరబడి వీటిని చూసిన జాన్ హూగ్లండ్ స్టఫ్ చేసిన బ్యాడ్జర్ బొమ్మను ఊరి మధ్యలోంచి లాగించి మరీ పరీక్షించాడు. దగ్గర్లో పిల్లలో, తోబుట్టువులో, కన్నవాళ్లో ఉన్నవే ఎక్కువగా అరిచాయి. వేరే చోటి నుంచి వచ్చి చేరి, చుట్టూ రక్తసంబంధం లేనివి తక్కువ అరిచాయి. మీ మ్యాపులో ఆడవి దాదాపు అన్నీ పుట్టిన కుటుంబంలోనే ఉండిపోయినవి, మగది బయటి నుంచి వచ్చింది. ఎవరికి అక్కడ చుట్టాలెక్కువో మీరే చెప్పగలరు.

గన్నిసన్ అనే ఇంకో రకం ప్రైరీ డాగ్ మీద నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన కాన్ స్లొబోద్చికాఫ్ చేసిన పని గురించి చాలామంది అడిగారు. అవును, గద్దకీ, మనిషికీ, కయోటీకీ, పెంపుడు కుక్కకీ అరుపు నిర్మాణం మారుతుందని, మనిషి వేసుకున్న చొక్కా రంగుని బట్టి కూడా తేడా వస్తుందని ఆయన చూపించాడు. దాన్ని భాష అనొచ్చా అన్నది పరిశోధకుల్లో తెగని వాదన. ఆ తేడాలు మెషీన్‌లో గ్రాఫులు గీస్తే తేలినవి. మొదటి నెలలో మీ చెవికి తేలవు, అందుకని "ఇది నా ఎర్ర జాకెట్ గురించే అరిచింది" అని నోట్సులో రాయకండి. జాకెట్ మాత్రం మధ్యలో మార్చకండి.

రెండోది ఎగిరి కూత. అందరూ దీన్నే హెచ్చరిక అనుకుంటున్నారు, తేడా మాత్రం చూస్తే ఇట్టే తెలుస్తుంది. మేస్తున్నది ఉన్నట్టుండి వెనక కాళ్ల మీద లేస్తుంది, ముందు కాళ్లు రెండూ పైకి విసిరి, ముక్కు ఆకాశం వైపు ఎత్తి, వీపు విల్లులా వంచి "వీ-యో" అని సాగదీస్తుంది. ఆ ఊపుకి కొన్ని వెనక్కి దొర్లి పడతాయి కూడా. పక్కది చూసి అదే చేస్తుంది, దాని పక్కది కూడా, అలా ఊరంతా పాకుతుంది. తర్వాత అన్నీ మళ్లీ మేతలో పడతాయి. హెచ్చరిక అరిచి ఎవరూ మేతలో పడరు, తేడా పట్టుకోవడానికి ఇదొక్కటి చాలు. చాలాకాలం దీన్ని "ప్రమాదం పోయింది" అని చెప్పే కూతగానో, హద్దు చాటుకోవడంగానో అనుకున్నారు. పరిశోధకుడు జేమ్స్ హేర్ బృందం 2014లో ఇంకో మాట చెప్పింది: మొదలుపెట్టినదానికి ఎంతమంది బదులిస్తే, అది తర్వాత అంత ఎక్కువసేపు తల దించుకుని మేస్తుంది. అంటే చుట్టూ ఎవరెవరు మెలకువగా ఉన్నారో కూసి తెలుసుకుంటోందన్నమాట. మీరు లెక్కపెట్టాల్సింది కూతను కాదు, బదులు ఇచ్చినవాటిని.

ముద్దు గురించి ఒక్క ముక్క: మూతి మూతి ఆనించుకునేవి జంటలు కావు, ఒకే కుటుంబంవాళ్లో కాదో తేల్చుకుంటున్నాయి. వేరే కుటుంబంవైతే తోక విచ్చుకుంటుంది, పళ్లు కటకటలాడతాయి, తరుముకోవడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడే మ్యాపులో గీత గీయండి.

ఇవి ఎంత ముద్దొస్తున్నాయో అని వీడియోలు పంపేవాళ్లకి ఒక మనవి. 2007లో కొలరాడోలోని అరపహో వన్యప్రాణి శరణాలయంలో తెల్లతోక రకం ప్రైరీ డాగ్ ఒకటి చిన్న నేల ఉడుతను వెంటాడి చంపడం హూగ్లండ్ బృందం కంట పడింది. ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటివి వందకు పైగా నమోదయ్యాయి. తినడానికి కాదు, ఇవి గడ్డి తినేవి. అదే గడ్డికి పోటీ వస్తోందని. అలా చంపిన ప్రైరీ డాగ్‌ల పిల్లలు ఎక్కువ బతికాయి కూడా. చంపడం క్షణాల్లో అయిపోతుంది, ఫోన్‌లో ఫోకస్ సరిచేసుకుంటూ కూర్చుంటే కనపడదు.

ఊరు నిశ్శబ్దంగా ఉందని రాసినవాళ్లకి: ముందు వేళ చూడండి. వేసవి మధ్యాహ్నం ఎండకి లోపలే ఉంటాయి. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఒకాయన డిసెంబరులో వెళ్లి ఒక్కటీ లేదని దిగులుపడ్డారు, అక్కడుండేది గన్నిసన్ రకం, చలికాలమంతా నిద్రలో ఉంటుంది. నల్లతోకవి మాత్రం ఎండ కాసిన శీతాకాలపు రోజుల్లో కూడా పైకొస్తాయి. అయితే జూన్ పొద్దున్న, మంచి వాతావరణంలో, పోయినవారం కళకళలాడిన ఊళ్లో ఒక్కటీ లేకపోతే లోపలికి అడుగుపెట్టకండి. అది ప్లేగు కావచ్చు. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఓడల్లో చేరిన జబ్బు ఇది, ఈ జంతువులకి దాన్ని తట్టుకునే శక్తి దాదాపు లేదు, ఊరికి ఊరే పోతుంది. జంతువుల ఒంటి మీద ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు (ఫ్లీస్ అంటారుగా, అవి) దాన్ని మోస్తాయి, దొరికితే కుక్క ఒంటి మీదికీ, దాని ద్వారా ఇంట్లోకీ వస్తాయి. కుక్కను తేవద్దన్నది ఇందుకే. చచ్చినదాన్ని ముట్టుకోకండి, పార్కు వాళ్లకో కౌంటీ ఆరోగ్య శాఖకో ఫోన్ చేయండి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. సూర్యుడు రాకముందే కారు ఆపుకుని కూర్చోండి, అవి పైకి వచ్చేసరికి మీరు అక్కడ ఉండే వస్తువైపోవాలి. ఒక్క జంతువును ఎంచుకోండి. మూడు గంటలు దాన్నే చూడండి, పక్కన ఎంత సరదా జరిగినా సరే. నిమిషానికోసారి ఒక్క అక్షరం: తల దించితే ది, ఎత్తితే ఎ, లోపలికి పోతే లో. ఎగిరి కూత వేస్తే ఎన్ని బదులొచ్చాయో అంకె రాసి, ఆ తర్వాతి ఐదు నిమిషాల్లో "ది"లు ఎన్నో గుర్తుపెట్టండి. హెచ్చరిక వినపడితే కారణం వెతకండి. గద్ద, కయోటీ, పాము, ఏదీ కనపడకపోతే కారణం మీరేనని రాసుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టండి. నాకు వీడియోలు వద్దు, ఆ అక్షరాల కాగితం ఫోటో తీసి పంపండి చాలు.

వచ్చే పాఠం ఫిబ్రవరి, మార్చి నెలల సంగతి. ఆడది ఏడాదికి ఒక్కరోజే, అదీ కొన్ని గంటలే ఎదకు వస్తుంది, జతకట్టడం ఎక్కువగా నేల లోపలే. పైన కూర్చున్న మనకు దొరికే ఆధారాల్లో ముఖ్యమైనది ఆ తర్వాత మగది వేసే కూత, అది హెచ్చరిక అరుపుకి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకని ఈ అక్షరాల కాగితం పంపనివాళ్లు ఆ పాఠాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టుకోండి.