పాత డీబేస్ జాబితాను మూడు కాలమ్‌లలో పొందికగా అచ్చు వేయడం ఎలా?

డాస్ కాలం నాటి డేటాబేస్ ప్రోగ్రాం డీబేస్ 3 ప్లస్‌లో గానీ, దాని బాటలోనే వచ్చిన ఫాక్స్‌ప్రోలో గానీ ఏళ్ల తరబడి కూడబెట్టిన జాబితాను కాగితం మీదకు తేవాలంటే చాలామంది ‘లిస్ట్ టు ప్రింట్’ ఆదేశంతో సరిపెట్టుకుంటారు. రికార్డుకు (ఒక పేరు, దాని వివరాలు) ఒక వరుస చొప్పున పోతుంది, కుడివైపు కాగితమంతా తెల్లగా మిగిలిపోతుంది, 500 రికార్డులకు తొమ్మిది పేజీలు ఖర్చవుతాయి. కుదించిన అక్షరాలతో మూడు కాలమ్‌లుగా పేర్చితే అదే జాబితా మూడు పేజీల్లో ఇముడుతుంది.

కొంచెం తెలిసినవారు ‘లేబుల్ ఫార్మ్’ను ఆశ్రయిస్తారు. చిరునామా చీటీల కోసం పుట్టిన ఆ సదుపాయం రికార్డులను ఎడమ నుంచి కుడికి పరుస్తుంది: మొదటి పేరు మొదటి కాలమ్‌లో, రెండోది రెండో కాలమ్‌లో, మూడోది మూడో కాలమ్‌లో పడుతుంది. చీటీలను ఎలాగూ చించి అతికిస్తారు కనుక అక్కడ ఇబ్బంది లేదు. వెతుక్కునే జాబితాకు మాత్రం ఇది పనికిరాదు. పేరు కోసం చూసే కన్ను పైనుంచి కిందికి దిగుతుంది, కనుక అకారాది క్రమం కూడా మొదటి కాలమ్ అడుగు వరకు దిగి, తర్వాత రెండో కాలమ్ తలభాగంలో మొదలు కావాలి. విడిభాగాల జాబితా ఒకటి అడ్డంగా పేర్చి ఉండటం వల్ల, సామాను గదిలో పనిచేసే మనిషి ఒక్క కాలమ్ మాత్రమే చదివి, ఉన్న వస్తువును లేదని చెప్పడం నేను స్వయంగా చూశాను.

కావలసిన సరంజామా కొద్దిదే. ఎప్సన్ కోడ్‌లు (ప్రింటర్‌ను నడిపే ఆదేశాలు) అర్థం చేసుకునే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, 11 అంగుళాల పొడవున్న పేజీలు విడిపోకుండా వరుసగా వచ్చే కంటిన్యువస్ కాగితం ఉంటే చాలు. అలాంటి ప్రింటర్ లేనివారు నేటి కంప్యూటర్‌లో డాస్‌ను నడిపే డాస్‌బాక్స్-ఎక్స్‌లోని ప్రింటర్ ఎమ్యులేషన్‌ను (ప్రింటర్‌ను అనుకరించే సదుపాయాన్ని) వాడుకోవచ్చు.

ముందుగా కొలతలు తేల్చుకోవాలి. కుదించిన అక్షరాలు అంగుళానికి సుమారు 17 పడతాయి కనుక, ఎనిమిది అంగుళాల వెడల్పులో 132 అక్షరాలు నిశ్చింతగా సరిపోతాయి. ఒక్కో కాలమ్‌కు 42 అక్షరాలు, కాలమ్‌ల మధ్య మూడేసి ఖాళీలు పెడితే లెక్క సరిగ్గా 132కు వస్తుంది. కాలమ్‌లు మూడే ఉండాలి. నాలుగు పెడితే ఒక్కోదానికి 30 అక్షరాలే మిగిలి, పేర్ల తోకలు తెగిపోతాయి. నిలువున అంగుళానికి ఎనిమిది వరుసల చొప్పున పేజీకి 88 వస్తాయి. వాటిలో 80 జాబితాకు కేటాయించి, మిగిలిన ఎనిమిదింటిని శీర్షికకు, అంచులకు వదలాలి.

ఇక జాగ్రత్తగా చేయవలసిన పని ఒక్కటే ఉంది, దాన్ని తొందరపడి చేయకూడదు. ఒక వరుసను అచ్చు వేయాలంటే ఒకదానికొకటి 80 స్థానాల దూరంలో ఉన్న మూడు రికార్డులను ఒకేసారి తీసుకురావాలి. మొదటి పేజీ మొదటి వరుసలో 1, 81, 161 రికార్డులు, రెండో వరుసలో 2, 82, 162 రికార్డులు పక్కపక్కన రావాలి. ఇందుకు ‘గో’ ఆదేశంతో రికార్డు సంఖ్యను నేరుగా పిలవడమే మార్గం.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. పేర్లను క్రమంలో చూపే ఇండెక్స్ తెరిచి ఉన్నంత మాత్రాన ‘గో 81’ అంటే అకారాది క్రమంలో 81వ పేరు రాదు. ఫైలులోకి 81వదిగా చేరిన రికార్డు వస్తుంది. ఇండెక్స్ తర్వాతి రికార్డుకు వెళ్లే ‘స్కిప్’కు దారి చూపుతుందే తప్ప రికార్డు సంఖ్యలను మార్చదు. ఈ తేడా గమనించకుండా అచ్చు వేస్తే పేర్లన్నీ ఎక్కించిన వరుసలోనే కాగితం మీద పడతాయి. మొదటి పేజీ చూడకుండా వదిలేస్తే కట్టకు కట్ట వృథా అవుతుంది.

కాబట్టి ముందు ‘సెట్ డిలీటెడ్ ఆన్’ అనాలి, లేకపోతే తొలగింపు గుర్తు పెట్టిన రికార్డులు కూడా వెంట వస్తాయి. తర్వాత పేరు ఫీల్డును అన్నీ పెద్ద అక్షరాలుగా మార్చే ‘అప్పర్’ ఫంక్షన్‌లో ఉంచి ఇండెక్స్ కట్టాలి. అలా చేయకపోతే చిన్న ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ పెద్ద అక్షరాల వాటి తర్వాత, జాబితా చివర గుంపుగా చేరతాయి. ఆ ఇండెక్స్ తెరిచి ఉండగానే ‘కాపీ టు’ ఆదేశంతో ఒక తాత్కాలిక ఫైలును తయారుచేయాలి. కాపీ ఇండెక్స్ క్రమంలోనే జరుగుతుంది కనుక, కొత్త ఫైలులో రికార్డు సంఖ్యే అకారాది స్థానం అవుతుంది. ఈ తాత్కాలిక ఫైలును ఏ ఇండెక్స్ లేకుండా తెరిచి, ఇక పనంతా దానిమీదే చేయాలి.

లెక్క ఇలా ఉంటుంది: ముందు పేజీల్లో అయిపోయిన రికార్డుల సంఖ్యకు, కాలమ్ సంఖ్యలోంచి ఒకటి తీసేసి వరుసల సంఖ్యతో గుణించగా వచ్చినదాన్ని కలిపి, దానికి ప్రస్తుత వరుస సంఖ్యను చేర్చాలి. రెండో పేజీ మొదటి వరుసకు 241, 321, 401 వస్తే లెక్క సరిపోయినట్టే.

చివరి పేజీలో మాత్రం వరుసల సంఖ్య 80గా ఉంచకూడదు. 500 రికార్డులలో రెండు పేజీలకు 480 పోగా 20 మిగులుతాయి. వాటిని 80 వరుసల లెక్కతోనే వేస్తే ఆ ఇరవై పేర్లూ మొదటి కాలమ్‌లోనే దిగి, మిగతా రెండూ బోసిగా కనిపిస్తాయి. మిగిలిన సంఖ్యకు రెండు కలిపి, మూడుతో భాగించి, ‘ఇంట్’ ఫంక్షన్‌తో పూర్ణాంకం తీసుకుంటే ఏడు వస్తుంది. అప్పుడు మొదటి వరుసలో 481, 488, 495 నిలుస్తాయి. ఏడో వరుస మూడో కాలమ్‌కు 501 అని లెక్క తేలుతుంది, అలాంటి రికార్డు లేదు. అందుకే ప్రతి ‘గో’కు ముందు ఆ సంఖ్య, మొత్తం రికార్డులెన్నో చెప్పే ‘రెక్‌కౌంట్’ను దాటలేదని చూసుకోవాలి, దాటితే ‘గో’ మానేసి 42 ఖాళీలు పెట్టాలి. ఈ పరీక్ష లేకపోతే ప్రోగ్రాం చివరి వరుసలో తప్పు చూపి ఆగిపోతుంది.

ఫాక్స్‌ప్రోలో ‘యూజ్ ఎగైన్’ అని ఒకే ఫైలును మూడుచోట్ల తెరిచి, మూడింటినీ సమాంతరంగా నడిపేవారున్నారు. డీబేస్ 3 ప్లస్ ఒకే ఫైలును రెండుచోట్ల తెరవనివ్వదు. రెండింటిలోనూ మార్పు లేకుండా నడిచేది పై లెక్క ఒక్కటే, పైగా దాన్ని కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు.

ప్రతి వరుసనూ ఒక మెమరీ వేరియబుల్‌లో పూర్తిగా కూర్చి, తర్వాతే అచ్చుకు పంపాలి. డీబేస్ 3 ప్లస్ వేరియబుల్‌లో 254 అక్షరాల వరకు పడతాయి, మనకు కావలసినవి 132. ‘ట్రిమ్’తో చివరి ఖాళీలు తీసేసిన పేరుకు తిరిగి ఖాళీలు కలిపి, ‘సబ్‌స్ట్రింగ్’తో కచ్చితమైన వెడల్పుకు కోయాలి, లేకపోతే కాలమ్‌లు మెలికలు తిరుగుతాయి.

ప్రింటర్‌కు పంపే కోడ్‌ల క్రమం తప్పకూడదు. కుదింపుకు సీహెచ్‌ఆర్ (15), అంటే 15వ సంకేతాన్ని, పంపాలి. అంగుళానికి ఎనిమిది వరుసలు కావాలంటే సీహెచ్‌ఆర్ (27) వెనుక కొటేషన్ గుర్తుల మధ్య సున్నా అక్షరాన్ని పంపాలి. పేజీ పొడవు 88 వరుసలని చెప్పే కోడ్ ఆ తర్వాతే వెళ్లాలి, ఎందుకంటే ప్రింటర్ ఆ పొడవును అప్పటికి అమల్లో ఉన్న వరుస ఎడంతో లెక్కిస్తుంది. ‘సెట్ టాక్ ఆఫ్’ అనడం మరిస్తే వేరియబుల్‌లో వేసిన ప్రతి విలువా జాబితా మధ్యలో అచ్చవుతుంది. అచ్చుకు పంపే ప్రశ్నార్థకం (?) ఆదేశం ముందుగా వరుస మార్చి, తర్వాత అక్షరాలు పంపుతుంది కనుక, పేజీ చివర కాగితాన్ని ముందుకు తోసే ‘ఇజెక్ట్’ ఇస్తేగానీ ఆఖరి వరుస కాగితం మీద పడకపోవచ్చు.

మొదటి పేజీ బయటికి రాగానే ప్రింటర్ ఆపి, మొదటి కాలమ్‌లోని అట్టడుగు పేరును, రెండో కాలమ్‌లోని మొట్టమొదటి పేరును పక్కపక్కన పెట్టి చదవాలి. అవి అకారాదిలో ఒకదాని వెంట ఒకటి వచ్చేవైతే మిగిలిన పేజీలను వదిలి, అంతా ముగిశాక సీహెచ్‌ఆర్ (18) పంపి కుదింపును తీసేయాలి.